కెమెరా లేని కాపలా
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంజనీరింగ్‌కు సంబంధించిన ఏదైనా ఒక విషయం మీద ఇరవై నిమిషాలు మాట్లాడమని కార్యదర్శిగారు అడిగారు. పిల్లలకు అర్థం కావాలి, పెద్దలకు పనికిరావాలి అని షరతు కూడా పెట్టారు. ఆ షరతుకు నిలబడే విషయం ఒకటి ఎంచుకున్నాను. గదిలో ఉన్న మనిషిని ముట్టుకోకుండా, ఫొటో తీయకుండా, ఒంటికి ఏ పరికరమూ తగిలించకుండా, ఆ మనిషి కూర్చున్నాడా, నడుస్తున్నాడా, కింద పడిపోయాడా అని తెలుసుకోవచ్చా? తెలుసుకోవచ్చు. దీన్ని విద్యుత్ క్షేత్రంతో గ్రహించడం అంటారు. జర్మనీలోని డార్మ్‌స్టాట్ నగరంలో టోబియాస్ గ్రోసె-పుపెన్‌డాల్ అనే పరిశోధకుడు ఈ రంగంలో చెప్పుకోదగ్గ పని చేశారు. ఆ పని గురించి, అది మన ఇళ్లకు వస్తే ఏమవుతుందో దాని గురించి ఈ రోజు చెబుతాను.

మనకెందుకు ఇదంతా అంటారా? ఈ హాల్లో ఉన్న మా బ్యాచ్‌ల వాళ్లందరికీ యాభై దాటింది. అమ్మానాన్నలు ఎనభైకి దగ్గరపడ్డారు. వాళ్లు ఇక్కడ ఉంటారు, మనం హైదరాబాదులోనో, బెంగళూరులోనో, డల్లాస్‌లోనో ఉంటాం. రాత్రి తొమ్మిదింటికి ఫోన్ ఎత్తకపోతే పక్కింటి వాళ్లకు ఫోన్ చేసి "ఒకసారి తలుపు కొట్టి చూడండి" అని బతిమాలుకుంటాం. ఈ బాధ పడలేక కొందరు ఇంట్లో కెమెరాలు పెట్టించారు. పెట్టించినవాళ్లకు కాస్త ధైర్యం వచ్చింది. కానీ సొంత ఇంట్లో పంచె సర్దుకోవాలన్నా, చీర మార్చుకోవాలన్నా పెద్దవాళ్లు కెమెరా వైపు చూసి పక్కకు తప్పుకోవాల్సి వస్తోంది. కెమెరా లేకుండా కాపలా సాధ్యమా అన్నది మనకు అవసరమైన ప్రశ్నే.

ముందు పిల్లలతో మాట్లాడతాను. ఎలక్ట్రీషియన్ దగ్గర టెస్టర్ చూసే ఉంటారు. దాని మొనను ఫేజ్ తీగకు ఆనించి, వెనక ఉన్న లోహపు బిళ్ల మీద వేలు పెడితే లోపలి చిన్న నియాన్ దీపం వెలుగుతుంది. ఆయన కాళ్లకు రబ్బరు చెప్పులున్నా వెలుగుతుంది. కరెంటు ప్రవహించాలంటే వలయం పూర్తి కావాలని మీ మాస్టారు చెప్పారు కదా. రబ్బరు చెప్పులు అడ్డున్నాక వలయం ఎలా పూర్తయింది?

మన ఒళ్లే కెపాసిటర్‌లో ఒక పలక. నేల రెండో పలక. మధ్యలో చెప్పులు, గాలి. ఏసీ కరెంటు కెపాసిటర్ గుండా కొద్దికొద్దిగా సాగుతుంది. మనిషికీ నేలకూ మధ్య ఉండే కెపాసిటెన్స్ సుమారు 100 పికోఫారడ్లు. ఫారడ్‌లో లక్ష కోట్ల వంతు ఒక పికోఫారడ్. మన ఇళ్లలో 230 వోల్టులు, 50 హెర్ట్జ్. లెక్క వేస్తే సుమారు 7 మైక్రో ఆంపియర్ల కరెంటు వస్తుంది. మనకు తెలియనంత తక్కువ, నియాన్ దీపం మిణుకుమనడానికి చాలినంత ఎక్కువ. పై తరగతుల పిల్లలు ఇంటికి వెళ్లి ఈ లెక్క కాగితం మీద చేయండి. టెస్టర్ మాత్రం పట్టుకోకండి, పట్టుకునేవాళ్లను దూరం నుంచి చూడండి చాలు.

అంటే మనం ఎక్కడ నిలబడితే అక్కడ చుట్టూ ఉన్న విద్యుత్ క్షేత్రంలో భాగమైపోతున్నాం. పలక విశాలమైతే కెపాసిటెన్స్ పెరుగుతుంది, దూరం పెరిగితే తగ్గుతుంది. మనిషి దగ్గరకొస్తే ఒక విలువ, దూరమైతే ఇంకో విలువ, పడుకుంటే మరో విలువ. ఆ తేడాను కొలవగలిగితే మనిషి కదలిక తెలిసినట్లే. మీ చేతిలో ఉన్న టచ్ ఫోన్ చేసేదీ ఇదే. కాకపోతే అద్దం మీది వేలిని మాత్రమే చూస్తుంది. చెయ్యి తడిగా ఉన్నప్పుడు ఫోన్ మొండికేస్తుంది కదా, ఆ సంగతి గుర్తుంచుకోండి. దానితో తర్వాత పని ఉంది.

ఈ కిటుకు మనకంటే ముందు చేపలకు తెలుసు. ఆఫ్రికా నదుల్లో జిమ్నార్కస్ అనే చేప ఉంది. బురదనీళ్లలో, రాత్రిపూట, వెనక్కి ఈదుతూ కూడా రాయికి తగలకుండా పోతుంది. కేంబ్రిడ్జిలో హాన్స్ లిస్‌మన్ అనే శాస్త్రవేత్త 1951లో ఆ చేప తోక నుంచి ఎడతెగకుండా బలహీనమైన విద్యుత్ సంకేతాలు వెలువడుతున్నాయని కనిపెట్టారు. తన చుట్టూ తానే ఒక క్షేత్రం పరుచుకుంటుంది, అందులో ఏది అడ్డు వచ్చినా ఒంటి మీద తేడా తెలుస్తుంది.

మనుషుల్లో మొదట ఇది సంగీతంగా వచ్చింది. రష్యాలో లెవ్ తెర్మెన్ అనే ఇంజనీరు 1920 ప్రాంతంలో వాయువుల లక్షణాలు కొలిచే పరికరం తయారుచేస్తుంటే, చెయ్యి దగ్గరికి వెళ్లినప్పుడల్లా దాని శబ్దం మారింది. ఆ మార్పునే వాద్యం చేశారు. థెరమిన్ అంటారు. వాయించేవాడు దేన్నీ ముట్టుకోడు, గాలిలో చేతులు ఆడిస్తాడు.

డెబ్బై ఏళ్ల తర్వాత అమెరికాలోని ఎంఐటీలో ఇలాంటిదే మళ్లీ జరిగింది. యో-యో మా అనే ప్రసిద్ధ చెల్లో విద్వాంసుడి కోసం నీల్ గెర్షెన్‌ఫెల్డ్ బృందం విల్లు ఎక్కడుందో కొలిచే సెన్సర్ తయారుచేసింది. వాయించే చెయ్యి దగ్గరికొస్తే కొలత చెడిపోయేది. చెడగొట్టేదాన్ని తీసేద్దామని కాకుండా, ఆ చేతినే కొలుద్దామని వాళ్లకు తోచింది. 1995లో థామస్ జిమ్మర్‌మన్, జాషువా స్మిత్, గెర్షెన్‌ఫెల్డ్ తదితరులు ప్రచురించిన వ్యాసం ఈ రంగానికి పునాది. మనిషిని పసిగట్టడానికి మూడు పద్ధతులున్నాయి. ఒకే ఎలక్ట్రోడ్‌కు మనిషి భారమై కనిపించడం మొదటిది. రెండు ఎలక్ట్రోడ్ల మధ్య క్షేత్రంలో కొంత మనిషి దారి మళ్లించడం రెండోది. మనిషి ఒళ్లే సంకేతాన్ని మోసుకుపోవడం మూడోది. ఈ పరిశోధన కారు సీట్లలోకి వెళ్లింది. ముందు సీట్లో వెనక్కి తిప్పిన పసిపిల్లల కుర్చీ ఉంటే ఎయిర్‌బ్యాగ్ విచ్చుకోకుండా ఆపాలి, లేకపోతే ఆ దెబ్బకు బిడ్డ ప్రాణానికే ముప్పు. సీటులో దాచిన ఎలక్ట్రోడ్లు ఆ తేడా పట్టిస్తాయి.

ఇక డార్మ్‌స్టాట్ సంగతి. అక్కడ ఫ్రౌన్‌హోఫర్ సంస్థకు చెందిన పరిశోధనాలయం ఒకటి ఉంది. జర్మనీలో వృద్ధుల సంఖ్య పెరుగుతోంది, ఒంటరిగా ఉండే ఇళ్లు ఎక్కువవుతున్నాయి. మనిషికి తోడుగా ఇల్లే కాస్త తెలివి తెచ్చుకుంటే బాగుంటుందని వాళ్ల ఆలోచన. గ్రోసె-పుపెన్‌డాల్ అక్కడ పనిచేస్తూ, డార్మ్‌స్టాట్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో 2015లో ఈ విషయం మీదే డాక్టరేట్ పొందారు. 2011 ప్రాంతంలోనే సోఫాలో కనబడకుండా ఎలక్ట్రోడ్లు అమర్చి, దాని మీద మనిషి కూర్చున్నాడా, పడుకున్నాడా అని గుర్తించే ప్రయోగాలు చేశారు. అదే సంస్థలో ఆండ్రియాస్ బ్రౌన్ తదితరులు నేల కింద తీగలు పరిచి నడిచేవాళ్ల జాడ తెలుసుకున్నారు. ఇలాంటి నేల అక్కడ మార్కెట్లోకి కూడా వచ్చింది. జర్మనీలోనే ఇంకో కంపెనీ సెన్స్‌ఫ్లోర్ అనే పేరుతో, టైల్స్ కిందో తివాచీ కిందో పరిచే సెన్సర్ బట్టను వృద్ధాశ్రమాలకు అమ్ముతోంది. నిలబడిన మనిషి పాదాలు ఆనిన చోటు చిన్నది, పడిపోయిన మనిషి ఆక్రమించే చోటు పెద్దది. ఆ తేడా చూసి నర్సుకు కబురు పంపుతుంది.

ఆయన చేసిన పనుల్లో ఇంజనీరుగా నాకు బాగా నచ్చినది ఒకటుంది. 2013లో ఓపెన్‌క్యాప్‌సెన్స్ అనే సెన్సర్ బోర్డు, దాని సాఫ్ట్‌వేర్ తయారుచేసి, ఎవరైనా వాడుకునేలా బయటపెట్టారు. ఈ రంగంలోకి వచ్చే విద్యార్థికి సర్క్యూటు మొదటి నుంచి కట్టుకునే శ్రమ తగ్గింది. 2017లో సహచరులతో కలిసి, అప్పటివరకు జరిగిన పరిశోధన అంతా ఒకచోట చేర్చి సమీక్షించారు. ఒకే పనిని ఒక్కొక్కరు ఒక్కో పేరుతో పిలుస్తుంటే, అందరికీ ఒకే పదజాలం ఉండాలని ప్రతిపాదించారు. పెద్ద ఆవిష్కరణలకు వచ్చే పేరు ఇలాంటి పనులకు రాదు. కానీ వెనక వచ్చేవాళ్లకు దారి వేసేవి ఇవే.

మనం ఆగి ఆలోచించాల్సిన పని మాత్రం 2016 నాటిది. మైక్రోసాఫ్ట్, డార్మ్‌స్టాట్ పరిశోధకులతో కలిసి చేసినది. పేరు ప్లాటిపస్. ముక్కుతో విద్యుత్ క్షేత్రాలను పసిగట్టే ఆస్ట్రేలియా జంతువు పేరు పెట్టారు. ఇందులో సెన్సర్ ఏ క్షేత్రాన్నీ పుట్టించదు. ఊరికే వింటుంది.

ఏం వింటుంది? పిల్లలకు దువ్వెన, కాగితం ముక్కల ప్రయోగం తెలుసు. నడిచేటప్పుడు మన కాళ్లకు జరిగేదీ అదే. చెప్పు అడుగు నేలకు తగిలి విడిపోయినప్పుడల్లా ఒంటి మీద కొంత ఆవేశం చేరుతుంది. ఇప్పుడు క్యూ ఈక్వల్ టు సీవీ సూత్రం గుర్తు తెచ్చుకోండి. పాదం ఎత్తగానే నేలకూ ఒంటికీ మధ్య కెపాసిటెన్స్ తగ్గుతుంది. ఆవేశం అంతే ఉంది కాబట్టి వోల్టేజి పెరగాలి. పాదం దించితే మళ్లీ తగ్గుతుంది. నడుస్తున్న ప్రతి మనిషి ఒళ్లూ ఇలా అడుగడుగుకూ వోల్టేజి మారుస్తూ పోతుంటుంది. మనకు తెలియదు, గోడకు తెలియదు, ఈ సెన్సర్‌కు మాత్రం రెండు మీటర్ల దూరం నుంచి తెలుస్తుంది. కనీసం మూడు సెన్సర్లు పెడితే మనిషి ఎక్కడున్నాడో చెప్పగలిగాయి. మధ్యస్థ పొరపాటు 16 సెంటీమీటర్లు. జానెడు కంటే తక్కువ.

ఒక్కొక్కరి నడక ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఈ వోల్టేజి తీరు కూడా మనిషికో రకంగా ఉంటుంది. 5 సెకన్ల నడకతో, నలుగురిలో ఎవరు నడుస్తున్నారో 94 శాతం సరిగ్గా చెప్పింది. 30 మందిలోనైతే 75 శాతం. చెప్పులు మారిస్తే ఈ గుర్తులు మారిపోతాయని కూడా వాళ్లే రాశారు.

ఇది మన ఇళ్లలో పనిచేస్తుందా? ఈ ప్రశ్నకు జర్మనీ వ్యాసాల్లో జవాబు వెతికితే లాభం లేదు. మన నేల, మన వాతావరణం, మన అలవాట్లు చూసుకోవాలి.

మొదటిది, మనం ఇంట్లో వట్టికాళ్లతో నడుస్తాం. చలిదేశంలో పొడి గాలి, తివాచీ, బూట్లు ఉన్నచోట నాలుగడుగులు వేస్తే వేల వోల్టులు చేరతాయి. తలుపు గొళ్లెం ముట్టుకుంటే చురుక్కుమంటుంది. అమెరికాలో ఉన్న మన మిత్రులకు ఇది అనుభవమే. తేమ గాలిలో ఆ ఆవేశం నిలవదు, కారిపోతుంది. ఇక శ్రావణమాసంలో గచ్చు మీద వట్టికాళ్లతో నడిచే అమ్మ దగ్గర ఆ సెన్సర్ వినడానికి ఎంత మిగులుతుంది? కాబట్టి ఊరికే వినే పద్ధతి మన దగ్గర బలహీనపడుతుంది. తానే క్షేత్రం పుట్టించి కొలిచే పద్ధతే మనకు నయం.

రెండోది తడి. ఇందాక ఫోన్ గురించి గుర్తుంచుకోమన్నాను. నీళ్లు విద్యుత్ క్షేత్రాన్ని గాలి కంటే సుమారు 80 రెట్లు ఎక్కువగా ప్రభావితం చేస్తాయి. రోజూ పొద్దున తడిగుడ్డ పెట్టే ఇంట్లో నేలంతా మనిషి పడుకున్నట్టే కనబడవచ్చు. ఎండాక లెక్క సరిచూసుకునేలా సెన్సర్‌కు నేర్పాలి. ఇంతకంటే పెద్ద చిక్కు స్నానాలగది. మన ఇళ్లలో పెద్దవాళ్లు జారిపడ్డారంటే మొదట మనసులోకి వచ్చే చోటు అదే. ఎక్కడ ఈ సెన్సర్ అవసరం ఎక్కువో అక్కడే దాని చూపు మందం. అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు, కొనేవాళ్లు అడగాలి. స్నానాలగది లోపల కాకుండా గుమ్మం ముందు పెట్టి, లోపలికి వెళ్లిన మనిషి ఎంతసేపటికీ తిరిగి రాలేదని పట్టుకోవడం తెలివైన పని. పట్టుకునే పిడి, గరుకు టైల్స్, రాత్రి వెలిగే చిన్న లైటు అంతకంటే ముందు పెట్టించాలి. వాటికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు.

మూడోది అసలు మాట. ఇందులో కెమెరా లేదు కాబట్టి గుట్టుకు భంగం లేదని అంటారు. సగం నిజం. అమ్మ చీర మార్చుకోవడం ఇది చూడదు. ఆ గౌరవం చిన్నది కాదు. కానీ నలుగురిలో ఎవరిదో నడకతో 94 శాతం చెప్పిందని ఇప్పుడే విన్నారు. మన ఇళ్లలో ఉండేది నలుగురే. కళ్లు లేని ఈ కాపలాదారుకు నాన్న రాత్రి ఎన్నిసార్లు లేచారో తెలుసు. నిరుటికంటే నడక నెమ్మదించిందని ఆయన కంటే ముందే తెలుసు. మధ్యాహ్నం ఎవరొచ్చారో, ఎంతసేపు కూర్చున్నారో తెలుసు. ఈ వివరాలు వైద్యుడికి పనికొస్తాయి. బీమా కంపెనీకీ పనికొస్తాయి. ఆస్తి పంపకాల్లో పేచీ ఉన్న ఇంట్లో, "నాన్నకు ఇక ఒంటరిగా ఉండే శక్తి లేదు" అని నిరూపించాలనుకునే కొడుక్కీ పనికొస్తాయి.

చట్టం కాపాడుతుందా అంటే, 2023లో మనకు డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం వచ్చింది. సమాచారం తీసుకునే కంపెనీలకు అది వర్తిస్తుంది. ఒక వ్యక్తి తన సొంత, ఇంటి అవసరాల కోసం చేసుకునే పనిని మాత్రం ఆ చట్టమే మినహాయించింది. అంటే తండ్రికీ కొడుక్కీ మధ్య చట్టం రాదు. మర్యాద ఒక్కటే ఉంటుంది.

అందుకని మిత్రులకు నా మనవి. ఇలాంటివి పెట్టించే ముందు మూడు విషయాలు చూసుకోండి. ఒకటి, వాళ్లను అడగండి. "నీ మంచికే" అని చెప్పి పెట్టడం అడగడం కాదు. ఏం తెలుస్తుందో, ఎవరికి తెలుస్తుందో వివరంగా చెప్పి, వద్దంటే మానేయండి. రెండు, ఆపే స్విచ్ వాళ్లకు అందే ఎత్తులో, వాళ్ల చేతిలో ఉండాలి. చుట్టాలు వచ్చిన రోజున ఆపేసుకునే హక్కు ఇంటి యజమానికి ఉండాలి. మూడు, లెక్కలన్నీ ఇంట్లో ఉన్న పెట్టెలోనే జరగాలి. బయటికి వెళ్లాల్సింది "పడిపోయారు, లేవలేదు" అనే ఒక్క ముక్క. రోజంతా ఎక్కడెక్కడ తిరిగారన్న పటం కాదు. ఇది సాంకేతికంగా కష్టమేమీ కాదు. కొనేవాళ్లు పట్టుబడితే చేస్తారు.

ఆ ఒక్క ముక్క ఎక్కడికి వెళ్లాలి? డల్లాస్‌లో ఉన్న కొడుకు ఫోన్‌కు వెళితే ఆయన చేయగలిగింది మళ్లీ పక్కింటికి ఫోన్ చేయడమే. నేల ఎంత తెలివైనదైనా మనిషి పడ్డాడని చెబుతుంది, లేపలేదు. లేపడానికి ఒక మనిషి రావాలి.

ఇక్కడ మన సంఘానికి ఒక పని ఉందని నాకనిపిస్తోంది. యాభై ఏళ్ల బ్యాచ్‌ల జాబితాలు కార్యదర్శిగారి దగ్గర ఉన్నాయి. వీధుల వారీగా, ఊళ్లోనే ఉంటున్న మనవాళ్లలో ఒప్పుకున్నవాళ్ల ఫోన్ నంబర్లు ఒక పట్టికగా వేసుకుందాం. బయట ఉన్నవాళ్ల తల్లిదండ్రులకు ఏ వేళైనా పది నిమిషాల్లో చేరుకోగల ఇద్దరిద్దరు ఉంటే చాలు. పెద్దవాళ్లు సెన్సర్ వద్దన్నా ఈ పట్టిక పనికొస్తుంది. సెన్సర్ పెట్టించుకున్నా ఇది లేకపోతే దానివల్ల పెద్ద ఉపయోగం లేదు. ఖర్చు లేదు, చట్టం అక్కర్లేదు, కరెంటు పోయినా పనిచేస్తుంది. నా పేరు మా వీధి కింద మొదట రాసుకోమని కార్యదర్శిగారిని ఇక్కడే కోరుతున్నాను.

పిల్లలకు చివరగా ఒక మాట. మన నేలల మీద, మన తేమలో, వట్టికాళ్ల నడకతో ఈ సెన్సర్లను ఎవరో ఒకరు కూర్చుని కొలవాలి. వంటింటి అల్యూమినియం రేకు, కొద్దిపాటి తీగ, ఒక చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు ఉంటే బ్యాటరీతోనే మొదలుపెట్టవచ్చు. కావాల్సిన సామాను సైన్సు ల్యాబుకు ఇవ్వడానికి మా బ్యాచ్ సిద్ధంగా ఉంది. వానాకాలంలో ఒక కొలత, ఎండాకాలంలో ఒక కొలత తీసి పుస్తకంలో రాయండి. తడిగుడ్డ పెట్టకముందు ఒకసారి, పెట్టాక ఒకసారి తీయడం మరిచిపోకండి.